బుడగలక్క కంప్యూటరు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా కనబడదు. డాక్టర్లకీ, నర్సులకీ, లిఫ్టు నడిపే ఆయనకీ, రోగులకీ, రోగుల వెంట సంచులు మోసుకుంటూ వచ్చే చుట్టాలకీ ఆమె బుడగలక్క. డెబ్భై దాటినవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. "మనవల్ని ఎత్తిన మనిషివి, నీకు నేను అక్కనెలా అయ్యానయ్యా?" అని మొదట్లో పోట్లాడేది. ఎంతమందితోనని పోట్లాడుతుంది! యాభై రెండేళ్ళు వచ్చేసరికి తనే సర్దుకుపోయింది.

ఆమె ఉండేది రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక ఎడమవైపు ఆఖరి గదిలో. తలుపు మీద నోరు తిరగని పేరేదో రాసి ఉంటుంది గానీ, దాన్ని అందరూ చేతుల గది అనే అంటారు. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవాళ్ళూ, ఎముక విరిగి కట్టు విప్పించుకున్నవాళ్ళూ అక్కడికి వస్తారు. స్పాంజి బంతులు, బట్టల క్లిప్పులు, చిల్లుల పలకలో దూర్చే కొయ్యముక్కలు, చెయ్యి ముంచి తిప్పడానికి ఒక డబ్బానిండా గింజలు, కిటికీ పక్కన ఒక కంప్యూటరు. ఇవీ ఆ గది ఆస్తులు.

ఇరవై నాలుగో ఏట ఆయాగా చేరింది. గిన్నెలు కడిగింది, దుప్పట్లు మోసింది, రోగుల్ని చక్రాల కుర్చీలో ఈ గదికి తోసుకొచ్చింది. తోసుకొచ్చి ఊరికే నిలబడే రకమా? "ఊఁ, ఇంకో రెండుసార్లు, నాకోసం" అని పక్కనుంచి బతిమాలేది, బెదిరించేది, మధ్యమధ్య వెక్కిరించేది. డాక్టరమ్మ మాట పెడచెవిన పెట్టినవాళ్ళు కూడా ఈమె అదిలిస్తే కిక్కురుమనకుండా చెయ్యెత్తేవారు. అది కనిపెట్టి ఆ డాక్టరమ్మే పైవాళ్ళతో మాట్లాడి ఈమెని తన గదికి వేయించుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఏ కీలు ఎటు తిరగాలో, ఎక్కడ ఆపాలో నేర్పింది. ఆ తల్లి రిటైరై ఎన్నాళ్ళో అయింది. అయినా పొద్దున గదిలో అడుగుపెట్టేటప్పుడు బుడగలక్క ఆమెని తలుచుకోని రోజు లేదు.

ఇక కంప్యూటరు కథ. ఆఫీసులో పనికిరాదని తీసేసినదాన్ని పదహారేళ్ళ క్రితం ఎవరో తెచ్చి ఈ గదిలో పడేశారు. మధ్యలో రెండుసార్లు మార్చారు, మార్చినప్పుడల్లా వచ్చింది ఆఫీసు వదిలేసినదే. మణికట్టు విరిగి వచ్చిన ఒక టీచరమ్మ ఒకరోజు దాంట్లో బ్రౌజరు తెరిచి బుడగల ఆట చూపించింది. కిందనుంచి రంగురంగుల బుడగలు లేస్తాయి. మౌస్ బాణం తగిలిస్తే టప్పున పగులుతాయి. అంతే ఆట. పదిసార్లు మణికట్టు తిప్పమంటే ఇల్లెగిరిపోయేలా మూలిగే టీచరమ్మ, ఆ రోజు ఇరవై నిమిషాలు ఉఫ్ అనకుండా తిప్పింది. ఆపమంటే కసిరింది కూడా.

ఆనాటినుంచి ఆటలు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. కార్లు ఒద్దికగా నిలబెట్టే ఆట మోచేతికి, రంగురాళ్ళు జతచేసే ఆట బొటనవేలికి, గాలం వేసి చేపలు పట్టే ఆట చూపుడువేలికి. ఇలా పదకొండు. అన్నీ ఉచితం. అన్నీ బ్రౌజరుకి తగిలించిన ప్లగిన్ అనే దాని మీద నడిచేవి. ఆ ప్లగిన్ అంటే ఏమిటో ఆమెకి తెలియదు. అప్పుడప్పుడు అది "అనుమతిస్తారా?" అని అడిగేది, ఈమె మహారాణిలా అనుమతించేది.

ఆ గదిలో ఇంకో పద్ధతి ఉంది, అది చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. ఎక్కడ చూసినా తెల్ల ప్లాస్టరు ముక్కలే. దెబ్బకి కట్టు కట్టి పైన అంటిస్తారే, ఆ ప్లాస్టరు. గోడ మీద భుజమంత ఎత్తులో ఒకటి, తలంత ఎత్తులో ఒకటి, బల్ల అంచున, గింజల డబ్బా మూత మీద, తలుపు గొళ్ళెం మీద. ప్లాస్టరు కనబడితే జబ్బు చెయ్యి అక్కడికి వెళ్ళి తీరాలి, మంచి చెయ్యి ఒళ్ళో ఉండాలి. ఎందుకూ ఏమిటీ అని అడగకూడదు. ఇది బుడగలక్క శాసనం. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండురోజుల్లో ఒంటబడుతుంది. ఇంటికెళ్ళాక కూడా ఎక్కడన్నా ప్లాస్టరు కనిపిస్తే చెయ్యి దానంతటదే లేస్తోందని నవ్వుకున్నవాళ్ళున్నారు.

ఆ ఏడాది ఆ గదికి వచ్చినవాళ్ళలో ఒక దర్జీ ఉన్నాడు. నలభై ఆరేళ్ళు. ఇరవై మూడేళ్ళు కత్తెర పట్టిన కుడిచెయ్యి ఒకరోజు పొద్దున్నే, పళ్ళు తోముకుంటుంటే, బ్రష్షు వదిలేసి వేలాడిపోయింది. మాట నిలిచింది, కాలు నెమ్మదిగా తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం భుజం దగ్గర కదిలి మణికట్టు దగ్గర ఆగిపోయింది. వేళ్ళు పరాయివాళ్ళవైపోయాయి. గిల్లినా తెలిసేది కాదు. స్పాంజి బంతి చేతిలో పెడితే "ఇవి పిల్లల ఆటలక్కా" అని పక్కన పెట్టేవాడు. మరి బుడగలు పెద్దల ఆటా అని అడక్కండి. అందులో మార్కులున్నాయి. పక్క కుర్చీలో కూర్చునే రిటైరైన స్టేషను మాస్టరుకి నాలుగొందల యాభై అయిదు వచ్చాయని తెలిసిన రోజునుంచి ఈ మనిషికి నిద్రపట్టలేదు. ముప్ఫైతో మొదలుపెట్టి నాలుగొందల పన్నెండుదాకా వచ్చాడు.

అయితే బుడగలకి బాణం తగిలితే చాలు, వేలితో నొక్కక్కర్లేదు. చేపలకి నొక్కాలి, నొక్కితేనే గాలం పడుతుంది. రోజూ ఆఖరి అయిదు నిమిషాలు బుడగలక్క చేపలాట తెరిచేది. దర్జీ తన చూపుడువేలిని మౌస్ మీద పెట్టి, దాన్నే గుడ్లప్పగించి చూసేవాడు. చేపలు హాయిగా తిరిగేవి. వేలు పడుకునే ఉండేది. ఎనిమిది నెలలైంది. "ఈ నెలాఖరుదాకా చూద్దాం. వేలు కదలకపోతే ఇక ఉన్నదానితో సరిపెట్టుకోవాలి" అన్నాడు డాక్టరు. దర్జీ బావమరిదిని పిలిచి, నెలాఖరుకి దుకాణం నువ్వు తీసుకో అని చెప్పేశాడు. ఆ సంగతి అతని భార్య చేతుల గది బయట బెంచీమీద కూర్చుని బుడగలక్కకి చెప్పి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నెలాఖరుకి ఇంకా పదిహేను రోజులుంది.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు పేచీ ముదిరింది.

ఆసుపత్రి కంప్యూటర్లన్నీ చూసుకునే ఆయనకి రీస్టార్ట్ అని పేరు. ఏం చెడిపోయిందని చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీద. ఆయన హెచ్చరించి ఏడాది దాటింది.

"అక్కా, పొద్దున్నే తెరమీద ఒక డబ్బా వచ్చి, ఇప్పుడే మార్చమంటావా తర్వాత మార్చమంటావా అని అడుగుతుంది. 'తర్వాత' నొక్కు. 'ఇప్పుడే' నొక్కావంటే కంప్యూటరుని నడిపే సిస్టమే మొత్తం మారిపోతుంది. కొత్తదాంట్లో నీ ఆటలు నడవవు."

"ఎందుకు నడవవయ్యా? నడుస్తున్నాయిగా?"

"ఆ ప్లగిన్లలో దొంగలు దూరే కన్నాలున్నాయని అందరూ వదిలేశారు."

"నా బుడగల్లో దొంగలు ఏం దోచుకుపోతారు?"

రీస్టార్ట్ కళ్ళజోడు నుదుటి మీద ఇంకాస్త పైకి తోసుకుని వెళ్ళిపోయాడు. ఈమె పద్నాలుగు నెలలు, పొద్దున రాగానే దీపం వెలిగించినంత నిష్ఠగా "తర్వాత" నొక్కింది. కానీ ఆ డబ్బా కూడా మొండిదే. పోనుపోను పెద్దదైంది, "ఇప్పుడే" తెర మధ్యలోకి వచ్చి కూర్చుంది, "తర్వాత" మూలకి పోయి చీమంత అయింది. ఒక సోమవారం సాయంత్రం మళ్ళీ వచ్చింది. తను లేనప్పుడు ఎవరైనా పొరపాటున నొక్కేస్తారని బుడగలక్కకి భయం పట్టుకుంది. చేతికి అలవాటైన వస్తువు చేతికొచ్చింది. "ఇప్పుడే" అన్న చోట తెరమీద ఇంత ప్లాస్టరు ముక్క అంటించి, "తర్వాత" నొక్కి, హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళింది.

మంగళవారం తొమ్మిదికి వచ్చేసరికి తెరంతా నీలం. మధ్యలో ఏదో చక్రం తిరుగుతోంది. కింద నలభై అయిదు శాతం అని అంకె, ఆపవద్దని హెచ్చరిక. గదిలో దర్జీ ఒక్కడే ఉన్నాడు. భార్య మందుల వరసలో నిలబడటానికి వెళ్తూ అతన్ని రోజూ ముందే దింపేసి వెళ్తుంది. తన కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. బుడగలక్క అతన్ని పట్టించుకునే స్థితిలో లేదు.

మధ్యాహ్నానికి కొత్త బొమ్మతో, కొత్త రంగులతో కంప్యూటరు పెళ్ళికొడుకులా తయారైంది. ఆమె బుడగలు తెరిచింది. బుడగలుండాల్సిన చోట బూడిదరంగు పలక. దానిమీద, ఈ ప్లగిన్ ఇక పనిచెయ్యదు అని ఒక్క వరస. చేపలు తెరిచింది, పలక. కార్లు, పలక. పదకొండూ తెరిచింది. పదకొండు పలకలు. దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆటల కోసం ఏడవలేదావిడ. ఎన్ని చేతులు లేచాయో ఆ బుడగల వెనక!

"నువ్వే నొక్కావు" అని రీస్టార్ట్ మీద పడింది.

"నా మీద ఒట్టు అక్కా! ఇదిగో చూడు, పొద్దున ఎనిమిదీ పదకొండుకి ఎవరో నొక్కినట్టు ఉంది. ఆ టైముకి నేను ఇంట్లో సబ్బు మొహంతో ఉన్నాను."

"సరే, వెనక్కి తిప్పెయ్."

తిప్పబోయాడు. జాగా చాలక పాత సిస్టమ్‌ని కంప్యూటరు అప్పటికే చెరిపేసుకుంది. ఆయన కూడా జాలిపడి, పాత ఆటల్ని బతికించే ప్రోగ్రాం ఏదో వెతికి తెచ్చి మూడురోజులు కుస్తీపట్టాడు. పదకొండింటిలో మూడు లేచాయి. చేపలు లేచాయి. బుడగలు మాత్రం అడుగున గుంపుగా నిలబడిపోయాయి, పైకి రావు.

ఈ మూడురోజులూ దర్జీ రాలేదు. బుడగలు పోయాయి కాబట్టి మనిషి ఆశ వదులుకున్నాడని బుడగలక్క తీర్మానించుకుంది. తప్పంతా తనదే అనిపించింది. అన్నం సహించలేదు. "పదహారేళ్ళు ఒకే ఆటని నమ్ముకున్నాను, ఇంకోటి అలవాటు చెయ్యలేకపోయాను" అని తనని తనే తిట్టుకుంది. శనివారం డ్యూటీ అవగానే సంచీలో ఒక స్పాంజి బంతి, ప్లాస్టరు చుట్ట పడేసుకుని దుకాణం వెతుక్కుంటూ వెళ్ళింది.

చెప్పుల షాపుకీ తాళాల షాపుకీ మధ్య ఇరుకుగా ఉంది దుకాణం. ముందు రెండు మిషన్లు, వెనక కత్తిరించే బల్ల. భార్య మిషను మీద పాంటు అంచు కుడుతోంది. దర్జీ బల్ల దగ్గర స్టూలు మీద ఉన్నాడు. అక్కని చూడగానే లేచి నిలబడ్డాడు, మొహం పాలిపోయింది.

"ఏం తమ్ముడూ, చెప్పాపెట్టకుండా మానేశావు? చేపలు తిరిగొచ్చాయి, రా. బుడగలు లేకపోతే ఏం? నేను లేనా?"

భార్య మిషను ఆపింది.

"చెప్పండి" అంది భర్తతో. "నాలుగురోజులుగా లోపల్లోపల కుళ్ళిపోతున్నారు. ఆవిడకే చెప్పేయండి."

"నేనే నొక్కానక్కా" అన్నాడు.

"ఏమిటి?"

"ఆ రోజు పొద్దున వచ్చేసరికి తెరమీద ఏదో డబ్బా ఉంది. ఇంగ్లీషులో రాసిందేమిటో నాకేం తెలుసు? మధ్యలో మీ ప్లాస్టరు ఉంది. ఇవాళ్టి పాఠం ఇదే కాబోలు అనుకున్నాను. బాణాన్ని దాని కిందకి తోశాను. లోపలికెళ్ళి కనబడకుండా పోయింది. ఎన్నిసార్లు జారిపోయిందో! చివరికి కుదిరింది, నొక్కాను. అంతే, మొత్తం నీలమైపోయింది. మీరొచ్చి అలా నిలబడిపోయారు. మీ మొహం చూసి నోరు పెగల్లేదు. పదహారేళ్ళ సొత్తు, ఒక్క నిమిషంలో నాశనం చేశాను. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

బుడగలక్కకి మొదట కోపమే వచ్చింది. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాలి కదా. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. ఏదో అర్థమవుతోంది.

"ఏ చేత్తో నొక్కావు?"

"ప్లాస్టరుంటే జబ్బు చెయ్యేగా అక్కా. మీరేగా చెప్పారు."

"మంచి చెయ్యి?"

"ఒళ్ళోనే ఉంది."

"నొక్కింది ఏ వేలు?"

దర్జీ జవాబు చెప్పబోయి ఆగాడు. కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. నాలుగురోజులుగా ఆ మనిషి తను చేసిన పాడుపని గురించే ఆలోచించాడు గానీ, ఆ పని చేసింది ఏ వేలో ఒక్కసారీ ఆలోచించలేదు.

బుడగలక్క ఇక మాట పెంచలేదు. సంచీలోంచి ప్లాస్టరు తీసి పంటితో ముక్క చింపి, కత్తిరించే బల్ల మీద అంటించింది. "నొక్కు" అంది.

అతను కుడిచేతిని లాక్కొచ్చి ప్లాస్టరు మీద పెట్టాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. చెవుల పక్కన చెమట కారింది. తర్వాత చూపుడువేలు గోరు నెమ్మదిగా లేచింది, గింజంత ఎత్తు, మళ్ళీ దిగింది. ప్లాస్టరు నొక్కుకుపోయింది. మళ్ళీ చేశాడు. మూడోసారి ముగ్గురికీ స్పష్టంగా కనబడింది.

భార్య మిషను ముందు కూర్చున్నచోటే రెండుచేతులూ జోడించింది. దర్జీ స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. బుడగలక్కకి కడుపు నిండిపోయింది. "పదకొండు కాదు, నూటపదకొండు ఆటలు పోనీ నాయనా" అని అతని వీపు నిమిరింది. బావమరిదికి ఆ సాయంత్రమే కబురు వెళ్ళింది, ఇప్పుడప్పుడే రానక్కర్లేదని.

సోమవారం దర్జీ ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నాడు. చేపలు పట్టడం మొదలైంది, మొదటిరోజు రెండు, రెండోరోజు ఏడు. ఆ వారంలోనే బుడగలక్క మరోసారి బుడగల పేజీ తెరిచింది, చచ్చిపోయిన మనిషి గదిలోకి తొంగిచూసినట్టు. పలక అలాగే ఉంది. వెనకనుంచి చూసిన రీస్టార్ట్, "కింద ఏదో ఉందే" అన్నాడు. పలక కింద, చిన్న అక్షరాల్లో, ఆటలో ఏమైనా తేడా వస్తే నాకు రాయండి అని ఒక ఈమెయిలు అడ్రసు ఉంది. పదహారేళ్ళు ఆమె ఆట లోపలికే చూసింది తప్ప దాని కిందకి దిగలేదు. ఆ ఆట ఎవరో ఒక మనిషి కూర్చుని చేశారన్న ఆలోచనే ఆమెకి ఎప్పుడూ రాలేదు. ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది.

"ఉత్తరం రాయాలి" అంది.

"చెప్పక్కా, టైప్ చేస్తాను. వాళ్ళ భాషలోకి మార్చి పంపిద్దాం" అన్నాడు రీస్టార్ట్, కళ్ళజోడు కిందకి దించుకుంటూ.

"నువ్వు కాదు" అని దర్జీని పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టింది. మంచి చెయ్యి ఒళ్ళో. ఆమె చెప్తుంటే అతను ఒక్కవేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కాడు. మూడురోజులు పట్టింది. రాసింది ఇది:

"అయ్యా, లేదా అమ్మా, మీరెవరో మాకు తెలియదు. మీ బుడగల ఆట మా గదిలో పదహారేళ్ళు ఆడాం. మీరు పిల్లల కోసం చేసి ఉంటారు. మా దగ్గర ఆడినవాళ్ళు పిల్లలు కాదు. ఒక టీచరమ్మ మళ్ళీ బోర్డు మీద రాసింది. ఒక స్టేషను మాస్టరు చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. ఒక తల్లి కూతురికి జడ వేసింది. మొన్న సిస్టమ్ మారి ఆట ఆగిపోయింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆట నడిచినన్నాళ్ళు ఒక్క మంచిమాట రాయలేదు, అందుకు రాస్తున్నాం. మీ చేతులు చల్లగా ఉండాలి."

అక్కడికి అయిపోయిందనుకుంది బుడగలక్క. కానీ దర్జీ చెయ్యి తియ్యలేదు. తన మాట కూడా ఉండాలన్నాడు. ఇరవై మూడేళ్ళ కత్తెర సంగతి, బ్రష్షు జారిపోయిన పొద్దుటి సంగతి, ప్లాస్టరు సంగతి, అన్నీ మొదలుపెట్టాడు. గడియారం ఒంటిగంట దాటింది. వేలు వణుకుతోంది, ఒక్కో అక్షరానికీ రెండుమూడుసార్లు తప్పుతోంది. చూసిచూసి ఆమె ఉండబట్టలేకపోయింది.

"చాల్లే తమ్ముడూ, ఆపు. వేలు నొప్పెడుతుంది."

దర్జీ తల తిప్పలేదు. తర్వాతి అక్షరం కోసం వెతుకుతున్నాడు.

"పొద్దుటినుంచి నొప్పెడుతూనే ఉందక్కా" అన్నాడు. "ఎనిమిది నెలల తర్వాత ఇవాళే. కాసేపు నొప్పెట్టనీండి."